ఆపినా తిరుగుతున్న ఫ్యాను

నరసరాజుకి పాట వినేటప్పుడు పక్కన ఇంకో చప్పుడు పడదు. రాణిగంజ్‌లో ఆయనది మోటారు పంపుల దుకాణం. పగలంతా లారీల రొదలో గడిపి, సైనిక్‌పురిలో ఇంటికొచ్చి, స్నానం చేసి, హాల్లో భార్య లీలాకుమారి పక్కన కూర్చుని పాత కచేరీలు వినడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. అందుకోసమే పెద్ద ఆంప్లిఫయరు, నడుమెత్తు స్పీకర్లు కొన్నాడు. దుమ్ము పడకుండా ఆంప్లిఫయర్ని టేకు బీరువాలో పెట్టించాడు. తలుపులు మూస్తే అది పొయ్యిలా కాగేది. చల్లబరచడానికి పెట్టిన ఫ్యానేమో ఎప్పుడూ ఒకటే జోరున తిరుగుతూ, ఆలాపన మధ్యలో గుయ్యిమనేది.

"ఆ రొద నీకు చిరాగ్గా లేదూ?" అన్నాడొకరోజు.

"ఏ రొద?" అంది లీలాకుమారి.

మెట్టుగూడలో ఆడియో రిపేర్లు చేసే ఇమాం వలిని పిలిపించాడు. అతను ఫ్యాను మార్చి, వేడిని కనిపెట్టే చిన్న సెన్సరొకటి ఆంప్లిఫయరుకి ఆనించి, దాన్ని ఒక బోర్డుకి కలిపాడు.

"ఇగ వేడిని బట్టి తిరుగుతది సార్. చల్లగుంటే మెల్లగ, వేడెక్కితే జోరుగ. మీరు ఆంప్ బంద్ జేసినా, వేడి దిగేదాంక తిరుగుతనే ఉంటది," అన్నాడు.

ఆ సాయంత్రం పాట తప్ప ఏమీ వినపడలేదు. నరసరాజు తృప్తిగా భార్య వైపు చూసి, "వెనకాల ఆ వేణువు విన్నావా?" అన్నాడు. విన్నానని తలూపింది.

కొన్నాళ్ళకి రాణిగంజ్‌లో కరెంటు పోయి, దుకాణం తొందరగా కట్టేసి ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు. ఆంప్లిఫయరు లైటు ఆరిపోయి ఉంది. కానీ బీరువాలోంచి హోరుమని గాలి చప్పుడు. తలుపు తీసి చెయ్యి పెట్టాడు. చుర్రుమంది.

"పాటలేమైనా పెట్టావా?" అని వంటింట్లోకి వెళ్ళి అడిగాడు.

"లేదండీ. నాకెక్కడ తీరిక?" అంది ఆవిడ, చూపు కూర మీదికి దించుకుని.

బోర్డు చెడిపోయిందనుకుని ఇమాం వలిని మళ్ళీ పిలిపించాడు. అతను అంతా విప్పి చూశాడు.

"బోర్డు మంచిగనే ఉంది సార్. ఉత్తగ గింత జోరుగ తిరగది. గట్టిగ, శాన సేపు పాటలు పెడితేనే గిట్లయితది. ఇంట్ల ఇంకెవరన్న వాడుతున్నరా?"

తన పని చెడిందని ఒప్పుకోలేక అలా అంటున్నాడేమో అని నరసరాజు మొదట అతన్నే అనుమానించాడు. కానీ ఆ ప్రశ్న మటుకు ముల్లులా దిగబడిపోయింది. ఆ తరవాత వీలైనప్పుడల్లా ఏదో వంక పెట్టుకుని పెందలాడే ఇంటికి రావడం మొదలెట్టాడు. వచ్చీ రాగానే చెప్పులు విడవకుండా బీరువా దగ్గరికి పోయేవాడు. చాలాసార్లు ఆంప్లిఫయరు వేడిగానే ఉండేది. ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే ఆవిడ మళ్ళీ అబద్ధమాడుతుందేమోనని భయం.

ఇన్నాళ్ళూ పట్టించుకోనివన్నీ ఇప్పుడు కళ్ళలో పడసాగాయి. ఫోను మోగితే తీసుకుని డాబా మీదికి పోతోంది. పాతికేళ్ళుగా పిల్లలకి సంగీతం చెప్పిన మనిషి, మోకాళ్ళ నొప్పులంటూ దసరా తరవాత పాఠాలు మానేసింది. తనేదో అడిగితే ఇంకేదో చెబుతోంది. మనసు ఇక్కడ లేదు, అనుకున్నాడు.

పైవాటాలో అద్దెకుండే ప్రిసిల్లా మెట్ల దగ్గర కనబడి నవ్వింది. "మధ్యాహ్నాలు ఆంటీ పాటలు భలే పెడుతున్నారు అంకుల్. నిన్న ఎవరో పెద్దాయన వచ్చారు, స్కూటరు మీద, వయొలిన్ పెట్టెతో."

విష్ణువర్ధన్. పెళ్ళైన కొత్తలో లీలాకుమారి సభల్లో పాడేటప్పుడు పక్కన వయొలిన్ వాయించేవాడు. ఈమధ్యే మల్కాజ్‌గిరికి మారాడని ఒకసారి ఆవిడే చెప్పింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎందుకెత్తలేదు?

మర్నాడు, "రావడం ఆలస్యమవుతుంది" అని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం దుకాణం గుమాస్తాకి అప్పజెప్పి బయల్దేరాడు. కారు సందు మొదట్లోనే ఆపాడు. సొంత ఇంటికి దొంగలా నడిచి వెళ్తుంటే సిగ్గేసింది, అయినా ఆగలేదు. పాట గేటు దాకా వినిపిస్తోంది. గేటు లోపల స్కూటరుంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

లీలాకుమారి గుమ్మానికి వీపు పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి కూర్చుని ఉంది. విష్ణువర్ధన్ బీరువా దగ్గర వంగి వాల్యూము కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాడు. ఒకచోట ఆవిడ చెయ్యి దించేసింది.

"ఇంతే మాస్టారూ. ఆగిపోయింది," అంది.

పాట ఆగలేదు. గుమ్మంలో ఉన్న నరసరాజుకి గొంతూ, దాని వెనక వేణువూ వేటికవి విడిగా వినిపిస్తున్నాయి.

"లీలా," అన్నాడు. ఆవిడ తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. విష్ణువర్ధన్ చూపు మారడం చూసి అప్పుడు వెనక్కి తిరిగింది. తిరిగి, గభాల్న లేచి నిలబడింది.

నరసరాజు వచ్చి ఆవిడకి ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు, పెదాలు కనిపించేలా, నెమ్మదిగా.

"నిరుడు ఎండాకాలం నుంచి. దసరాకి పిల్లలు అపస్వరం పాడుతుంటే వాళ్ళ తల్లులు మొహాలు చూసుకున్నారు. నాకు తెలియలేదు. ఆ తరవాతే పాఠాలు మానేశాను."

"ఆ ఫోను..."

"స్పీకరు పెట్టి, అవతలివాళ్ళు అరిస్తే గానీ అర్థం కాదు. మీ ముందు ఎలా?"

"నాతో చెబితే ఏమయ్యేది?"

"రోజూ ఎంతో సంబరంగా వేణువు విన్నావా, ఆ సంగతి విన్నావా అంటారు. ఒకసారి విన్నానన్నాను. ఇక మర్నాడు లేదని ఎలా అనను? అందుకని మీరు వెళ్ళాక పెద్దగా పెట్టుకుని, ఏ పాటలో ఎక్కడ ఏముందో కంఠతా పట్టేదాన్ని. సాయంత్రం మీతో మాట్లాడాలిగా."

"చెవుల డాక్టరుకి చూపించుకోమని ఎన్నిసార్లో చెప్పాను రాజుగారూ," అన్నాడు విష్ణువర్ధన్. "ఎంత తగ్గిందో ముందు నేను చూసి చెప్తేనే వెళ్తానన్నారు."

డాక్టరు దగ్గరికి నరసరాజే తీసుకెళ్ళాడు. పై స్థాయి స్వరాల వినికిడి బాగా పోయిందనీ, చెవి మిషన్లు పెడితే మాటలు తెలుస్తాయనీ, పాట అలవాటు కావడానికి మాత్రం టైం పడుతుందనీ చెప్పారు. మిషన్లు పెట్టించి తిరిగొస్తూ కార్లో ఆయన దాచుకోలేక చెప్పేశాడు. తను ఏం అనుకున్నాడో, ఎవర్ని అనుకున్నాడో అంతా. కొత్త మిషన్లతో ఆవిడకి ప్రతి మాటా వినిపించింది.

"అడగొచ్చుగా," అంది ఇల్లు చేరాక. ఆపైన కొన్నాళ్ళు వడ్డించి వెళ్ళిపోయేది, పక్కన కూర్చునేది కాదు. నరసరాజు బతిమాలలేదు. హాల్లో పాటలూ పెట్టలేదు.

ఒక ఆదివారం విష్ణువర్ధన్ వచ్చాడు. నరసరాజు కాఫీ తానే కలిపి తెచ్చాడు. క్షమాపణ నోటిదాకా వచ్చింది. కానీ విష్ణువర్ధన్‌కి తెలియని నేరానికి ఏమని అడగడం? కప్పు అందించి కూర్చున్నాడు.

వయొలిన్ శ్రుతి అందుకుంటే లీలాకుమారి పల్లవి ఎత్తుకుని ఆగింది. "నా గొంతు రేకు డబ్బాలో పలికినట్టుంది మాస్టారూ."

"పర్లేదమ్మా. మళ్ళీ పాడండి."

నరసరాజు లేచి బయటికి వెళ్ళబోయాడు. ఆవిడ చెయ్యెత్తి కూర్చోమని సైగ చేసింది. ఆయన వచ్చి కూర్చున్నాడు.