మస్కట్ ఉల్లిపాయలు

మస్కట్‌లో ఉల్లిపాయలు చవకనీ, పక్కనున్న దుబాయిలో ప్రియమనీ తాటిపాక సెంటర్లో తేల్చి చెప్పగలిగినవాడు టైలరు సాలమోను ఒక్కడే. ఆ రెండు దేశాలూ పక్కపక్కనే ఉంటాయని కూడా మొన్నమొన్నటిదాకా తెలియని మనిషి, భార్య సుగుణ ఇంటిపనికి మస్కట్ వెళ్ళాక పండితుడైపోయాడు.

ఆధారం గట్టిదే. సుగుణ ప్రతి ఉత్తరంలోనూ "ఇక్కడ అన్నీ చవకండి, కడుపునిండా తింటున్నాను" అని రాసేది. కొబ్బరికాయలు దింపే అబ్బులు భార్య జయమ్మేమో దుబాయి నుంచి "అన్నీ మండిపోతున్నాయి, ఏమీ అడక్కండి" అని రాసేది. జనం నడుం కొలతలు తీసే చేత్తోనే సాలమోను రెండు దేశాలనూ కొలిచేశాడు.

"మీవోరు మా దేశం ఎల్లాల్సిందండీ," అనేవాడు అబ్బులుతో, అక్కడ తనకేదో పొలం ఉన్నట్టు.

"ఆయ్," అనేవాడు పాపం అబ్బులు.

ఇప్పుడు సుగుణ ఎగ్రిమెంటు అయిపోవస్తోంది. ఉండనా, వచ్చెయ్యనా అని రాసింది. చవక దేశమే కదా, ఇంకో రెండేళ్ళుండమని రాద్దామనుకుంటుండగా జయమ్మ సెలవు మీద వచ్చింది. సాలమోను నోటి దురద ఆగక అబ్బులు ఇంటికి వెళ్ళాడు.

"దుబాయిలో ఉల్లిపాయలెలాగున్నాయి చెల్లెమ్మా?"

"నాకేం తెలుసండి అన్నయ్యగారూ? గడప దాటనిత్తే గదండీ! కొట్టు మొహమే చూళ్ళేదు."

"మరి మండిపోతన్నాయని రాసేవుగా?"

"అలా రాత్తేనే గదండీ, ఈయన రేడియో పంపు, వాచీ పంపు అనడం మానేరు." అబ్బులు నేలచూపులు చూశాడు. "సుగుణొదినగారు మాత్రం కొట్టుకెల్తారంటారా? మీరు బెంగెట్టుకుంటారని చవకని రాసుంటారు. ఇంతకీ, మన దగ్గర ఉల్లిపాయలెంతండీ?"

సాలమోనుకి తెలియదు. రెండేళ్ళుగా అత్తగారు వండిపెడితే తింటున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! ఒరే సాలమోనూ, పెళ్ళాం తింటోందో లేదో తెలియదు గానీ రెండు దేశాలకి ధరలు కట్టావురా, అని దారంతా తనని తానే తిట్టుకున్నాడు. సుగుణ మీద బెంగతో కళ్ళు చెమర్చాయి.

తిన్నగా కొట్టుకెళ్ళి, ఆ తర్వాతే ఉత్తరం రాశాడు.

"ఇవాళ ఉల్లిపాయలు నేనే కొన్నాను. ఇద్దరం తినగలం. వచ్చెయ్."