ఏసమ్మ సాక్ష్యం

రూత్ బెంగళూరులో కప్పు గెలిచిన సంగతి సొంతూరు గోనెగండ్లలో పదిమందికి కూడా తెలియలేదు. డోపింగులో దొరికిపోయిందన్న సంగతి మాత్రం మధ్యాహ్నానికల్లా ఎమ్మిగనూరు బస్టాండు దాకా పాకింది. డోపింగంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా "మత్తుమందంట" అని తేల్చేశారు. ఇన్నేళ్లలో ఏం ఆడతావమ్మా, ఎట్లా బతుకుతావమ్మా అని ఒక్కసారి అడగని ఊరు, ఆ ఒక్క పూటలో ఆమె గురించి అన్నీ తెలిసినట్టు మాట్లాడింది.

ఆమె టెన్నిస్ ఆట మొదలైంది ఆదోనిలో, లక్ష్మీనరసయ్య సావుకారు పత్తి జిన్నింగ్ మిల్లు వెనక. సావుకారు తన కూతురు మనస్విని కోసం అక్కడ సిమెంటు కోర్టు వేయించాడు. కోర్టుంది, రాకెట్లున్నాయి, అవతలి పక్క నిలబడి ఆడే పిల్లే లేదు. గోనెగండ్ల నుంచి వచ్చి మిల్లులో పనిచేసే వీరన్న కూతురు రూత్ చురుకైనదని ఎవరో చెబితే పిలిపించారు. తొమ్మిదేళ్ల పిల్ల, ఎడమచేతి వాటం, కాళ్లకు చెప్పుల్లేవు. నెల తిరక్కముందే సావుకారు కూతురిని కోర్టులో ఆ మూలకూ ఈ మూలకూ పరుగులు పెట్టించింది. సావుకారుకు కోపం రాలేదు, ముచ్చటేసిందన్నారు. ఆయన ఖర్చుతోనే రూత్ హైదరాబాదు అకాడమీకి పోయింది. మనస్విని ఆట మానేసి లాయరైంది. రూత్ ఆటనే బతుకు చేసుకుంది.

టెన్నిస్ బతుకంటే టీవీలో కనిపించే బతుకని జనం అనుకుంటారు. అది పైనున్న కొద్దిమందిది. కిందున్నవాళ్లు ఇండోర్‌లో ఓడి, స్లీపర్ బోగీలో షోలాపూర్ చేరి, పొద్దున్నే మళ్లీ సర్వీసు చేయాలి. తోటివాళ్ల రాకెట్లకు తీగెలు బిగించిపెట్టి గది అద్దె సర్దుకోవాలి. వాళ్లకు ఫిజియో అంటే ఐసుముక్కలు మూటగట్టిన తువాలు. రూత్ థాయిలాండు పోయింది, ట్యునీషియా పోయింది. రెండు చోట్లా చూసింది కోర్టులే. అలా ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి, ఇంకొక్క టోర్నమెంటు గెలిస్తే ఆస్ట్రేలియాలో జరిగే పెద్ద పోటీ అర్హత ఆటల్లోకి పేరెక్కే ర్యాంకు వచ్చే దాకా చేరింది. నోటిదాకా వచ్చిన ముద్ద. సరిగ్గా అప్పుడే భుజం పట్టేసింది.

బెంగళూరు పోయేముందు నాలుగు దినాలు ఇంటికొచ్చింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవకపోవడం తల్లి ఏసమ్మ కంట పడింది.

"ఈ సెయ్యితో యాడ ఆడతావు పాపా? ఒక మాత్రన్నా మింగు."

"మాత్రలు, సూదులు, కషాయాలు ఏవీ నా దగ్గరికి తేవద్దుమా. జలుబు మాత్ర మింగల్లన్నా నేను అడిగి మింగల్ల. మాకు మూత్రం పట్టి సూస్తారు."

"మూత్రంలో ఏముంటాదే?" అని ఏసమ్మ నవ్వింది.

నవ్వింది గానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. హాలహర్వి అవతల ఒక పల్లెలో నాటువైద్యుడున్నాడు. కీళ్లనొప్పులకు పొడి పొట్లాలు కట్టిస్తాడు. కూలికి పోయే ఆడవాళ్లలో ఆ పొడి రుచి తెలియనివాళ్లు తక్కువ. వంగిన నడుము మరునాటికల్లా లేస్తుంది. అందులో చెట్ల మందుతోపాటు స్టెరాయిడ్ మాత్రలు దంచి కలుపుతాడేమోనని ఎవరూ అడగలేదు. నొప్పి పోయాక చెట్టయితేనేం, మాత్రయితేనేం? ఏసమ్మ పొద్దున్నే బయల్దేరి, ఎమ్మిగనూరులో ఒక బస్సు, ఆదోనిలో ఒక బస్సు మారి, పొట్లాలు తెచ్చింది. ఇస్తే బిడ్డ మింగదు. కానీ బుడ్డల పొడి అంటే బిడ్డకు ప్రాణం. వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి దంచిన పొడి సీసా లేకుండా ఏ దేశమూ పోదు. చేదు తెలియకుండా ఇంకో గుప్పెడు మిరపకాయలు ఎక్కువేసి, వైద్యుడి పొడిని అందులో కలిపింది. దంచుతున్నంతసేపూ బిడ్డ కోసం ప్రార్థన చేస్తూనే ఉంది.

బెంగళూరులో రూత్ రోజూ అన్నంలో ఆ పొడి కలుపుకుని తింది. భుజం తేలికైంది. ఎన్నేళ్లుగానో ఆడనంత బాగా ఆడింది, తనకంటే ఎంతో పైనున్న అమ్మాయిని ఫైనల్లో ఓడించింది. దేవుడు కరుణించాడనుకుంది. ఆట కాగానే పరీక్షలవాళ్ల తరఫున ఒకామె వచ్చి, పక్కనే నిలబడి మూత్రం పట్టించుకుని పోయింది. రూత్‌కు అది అలవాటే. తప్పు చేయనివాళ్లకు భయమేముంటుంది?

ఆ మూత్ర పరీక్ష ఫలితం వచ్చిన రోజు రూత్ గోనెగండ్లలో ఇంటి అరుగు మీద కూర్చుని, ఏం తిన్నాను, ఏం తాగానని తలంతా తవ్వుకుంది. ఏసమ్మ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది.

"నేనేనమ్మీ. బుడ్డల పొడిలో కలిపినా."

రూత్‌కు తల్లిని కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. కప్పు గెలిచింది తానా, ఆ పొడా అన్న అనుమానం ఒకటి గుండెలో దూరింది. అది ఇప్పటికీ పోలేదు. మిగిలిన పొట్లాలైనా ఇవ్వు, పరీక్ష చేయిస్తానంటే, పోలీసులొస్తారని భయపడి ఏసమ్మ అప్పటికే పొయ్యిలో వేసేసింది. సీసా కడిగి ఉప్పు పోసింది. వైద్యుడు కబురు విని ఇంటికి తాళం వేసి రాష్ట్ర సరిహద్దు దాటాడు.

కేసు మనస్విని చేపట్టింది. పైసా తీసుకోనంది. "మందు ఒంట్లోకి ఎట్లా వచ్చిందో, నీకు తెలియకుండానే వచ్చిందని వాళ్లు నమ్మితే, హెచ్చరించి వదిలేసే వీలుంది రూత్. నమ్మకపోతే రెండేళ్లు నిషేధం. మన చేతిలో ఉన్నది మీ అమ్మ నోటిమాట ఒక్కటే," అంది.

రెండేళ్లంటే పేపర్లో చదివేవాళ్లకు చిన్న మాట. ఆటగత్తెకు ర్యాంకు సున్నా అవుతుంది, భుజం ముసలిదవుతుంది, ఆమె చోటులోకి పదహారేళ్ల పిల్లలు వచ్చేస్తారు. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కడానికి ఒంట్లో సత్తువుండదు. కాబట్టి రూత్ బతుకంతా ఇప్పుడు ఏసమ్మ నాలుక మీదుంది. జరిగింది చెప్పమని ఇంటి దగ్గర రూత్ అడిగిన ప్రతిసారీ ఏసమ్మ "సరే పాపా, సెప్తాలే" అంది.

విచారణ రోజు తల్లీకూతుళ్లు ఆదోనిలో సావుకారు ఇంటికి పోయారు. కంప్యూటర్ తెర మీద తీర్పు చెప్పే ముగ్గురు పెద్దలు, పక్కన వాళ్ల మాట తెలుగులో అడిగే ఇంకొకాయన. ఎప్పుడూ నేల మీద తప్ప కూర్చోని ఆ ఇంట్లో ఏసమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. మనస్విని వంగి, మెల్లగా చెప్పింది.

"భయపడాకు ఏసమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

ఏసమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"మీ అమ్మాయికి మీరు ఏదైనా మందు ఇచ్చారా?" అని తెర మీది తెలుగాయన అడిగాడు.

"లేదు సార్."

"తిండిలో కలిపి ఇచ్చారా?"

"మాకేం తెల్దు సార్. కూలి జేసుకునేటోళ్లం. నా బిడ్డ బంగారట్లాంటిది. మందూ గిందూ మా ఇంట్ల ల్యాదు."

"హాలహర్వి వైపు వైద్యుడి దగ్గరికి పోయారని మీ అమ్మాయి చెబుతోంది."

"హాలహర్వి యాడుందో గూడ నాకు తెల్దు సార్."

"అమ్మా!" అని రూత్ లేచింది. తెర మీదివాళ్లు ఆమెను కూర్చోమన్నారు, మళ్లీ మాట్లాడితే బయటికి పంపుతామన్నారు. సాక్షికి మాట అందించవద్దని మనస్వినినీ ఆపారు. ఇంకో రెండు ప్రశ్నలు, ఇంకో రెండు "తెల్దు"లు. అంతటితో అయిపోయింది.

ఎమ్మిగనూరు బస్సులో ఏసమ్మ కిటికీ పక్కన కూర్చుని, చాలా దినాల తర్వాత ఊపిరి తేలిగ్గా తీసుకుంది.

"ఎన్ని రకాలుగ తిప్పి అడిగినా ఒక్క మాట జారనీయలే, సూడు."

రూత్ ఆమె వైపు తిరిగింది. "ఎందుకమ్మా? నిజం సెప్పమంటిని గదా?"

"నువ్వు సిన్నదానివి, నీకు తెల్దు. మీ నాయన సెయ్యి మిషన్లో పడినబ్బుడు లేబరాపీసరు వచ్చినాడు. ఇదే ఇంట్లో, 'వీరన్నా, ఉన్నది ఉన్నట్టు సెప్పు, మిగతాది నేను సూసుకుంటా' అన్యాడు సావుకారు. మీ నాయన పిచ్చోడు, మోటరు ఆపకుండ దూది తీసినా సార్ అని సెప్పె. తప్పు నీదేనని రాసుకోని పాయె ఆపీసరు. పైసా రాలే. ఈ పొద్దు సావుకారు కూతురి నోట్లోనుంచి గూడ అదే మాట వచ్చె. నాకు ఒళ్లంతా సల్లబడిపాయె. ఒగసారి మోసపోయినాము, సాలదా?"

తండ్రికి వేళ్లు పోయాయని రూత్‌కు తెలుసు, ఈ ముక్క తెలియదు. సావుకారు తనను హైదరాబాదు పంపింది ఆ ఏడే. ముచ్చటేసి పంపాడని ఇన్నాళ్లూ దండం పెట్టుకుంది. దేనికి బదులుగా పంపాడో ఇప్పుడు అడగడానికి తండ్రి లేడు. కానీ మనస్విని అబద్ధం చెప్పలేదు. ఈసారి నిజమే కాపాడేది. సావుకారు చేసిన పాపం ఆయన కూతురి మంచిమాటను తినేసింది, దాంతోపాటు రూత్ ఆటనూ తినేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆమె అందరి మీదా తెచ్చుకుంది, అందరికంటే ఎక్కువగా తల్లి మీద.

"నువ్వు ఒప్పుకొనింటే నన్ను ఇడిసిపెట్టేటోళ్లుమా. లేదన్యావు, నేను అబద్ధాలదాన్నయితి," అని మొహం మీదే చెప్పేసింది.

ఏసమ్మకు అర్థమయ్యేసరికి బస్సు రెండు ఊళ్లు దాటింది. "అట్లయితే మల్ల పోన్ సెయ్యి. ఇబ్బుడు సెప్తా. అంతా సెప్తా."

మనస్విని ఆ మాట తీర్పు చెప్పేవాళ్లకు రాసి పంపింది, బతిమాలింది. సాక్షి మాట మార్చితే నమ్మేదెవరు? రెండేళ్ల నిషేధం ఖాయమైంది. చదువురాని తల్లి మీదికి తప్పు నెట్టడానికి రూత్ ప్రయత్నించిందని తీర్పులో ఒక వాక్యముంది. పేపరువాళ్లకు ఆ ఒక్క వాక్యం చాలింది.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ, దేవుడు చేసిన మేలో తాము చేసిన తప్పో ఎవరైనా లేచి చెప్పుకునే వేళ, ఏసమ్మ లేచింది. ఆడవాళ్ల వైపు చాప మీదున్న రూత్ ఆమె కొంగు పట్టి లాగింది, ఆగలేదు. ఏ బస్సెక్కిందో, ఎన్ని పొట్లాలు తెచ్చిందో, వైద్యుడి ఇల్లెట్లా ఉంటుందో, మిరపకాయలు ఎందుకు ఎక్కువేసిందో, ఏదీ దాచలేదు. "రెండు దినాలకే నా బిడ్డ సెయ్యి లేసింది. కానీ నా నోరు లేయలే. నా బిడ్డ తప్పేం లేదు, పాపం నాది," అని గుండె బాదుకుంది. ఆదోనిలో ఆ కుర్చీలో కూర్చుని ఇందులో సగం చెప్పినా చాలేది. ఎంత చక్కగా, ఎంత వివరంగా చెప్పిందో! ఇక్కడ తీర్పు చెప్పేవాళ్లెవరూ లేరు. అందరూ "స్తోత్రం" అన్నారు, పాస్టరయ్య కళ్లు తుడుచుకున్నాడు. రూత్‌కు మాత్రం కన్నీళ్లు రాలేదు, ఒళ్లు మండింది.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లు ఏసమ్మ చుట్టూ మూగారు. ఓదార్చడానికేమోననుకుంది రూత్. ముందు నోరు తెరిచింది పక్కింటి సంతోషమ్మ.

"ఏసక్కా, నిజంగ రెండు దినాలకే తగ్గెనా? ఆ వైద్యుడు ఇబ్బుడు యాడుండాడు? ఎల్లుండి గుంటూరు దిక్కు మిరపకాయలకు పోతాండాము, నెల దినాలు వంగి కోయల్ల. నాకు మోకాళ్లు లేసేతట్టు లేవు."

"వద్దత్తా," అంది రూత్. "ఆ పొడి తింటే ఎముకలు గుల్లయితాయి."

"ఎముకల సంగతి మల్ల సూసుకుందాం లే పాపా. మమ్మల్నేమన్నా మూత్రం అడుగుతారా ఎవురన్నా?" అని సంతోషమ్మ నవ్వి, మళ్లీ ఏసమ్మ వైపు తిరిగింది. "సెప్పక్కా, నీకు తెలిసింటాది గదా, యాడుండాడు?"

ఏసమ్మ కూతురి మొహం వైపు చూసింది. చెప్పాలో వద్దో ఆమెకు ఈసారి నిజంగానే తెలియలేదు.