నిర్వాహకుడిని సంప్రదించండి

కోడలు వినికిడి యంత్రాల కంపెనీలో యాప్‌లు తయారుచేసే బృందానికి పెద్ద. మామగారు నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. ఇప్పుడు ఆయన రెండు చెవుల్లోనూ ఆ కంపెనీ యంత్రాలే. చెవులూ మనవే, కంపెనీ కూడా మనదే, ఇంక దిగులేమిటని ఇంటిల్లిపాదీ అనుకునేవారు.

యంత్రం శబ్దం పెంచాలన్నా తగ్గించాలన్నా ఫోన్లో యాప్ ఉండాలి. అదొక్కటే చాలదు. యంత్రంతో నేరుగా మాట్లాడే పని ఇంకో యాప్‌ది. దాన్ని విడిగా దింపుకోవాలి. కంపెనీవాళ్ళ రక్తపోటు యంత్రానికి కూడా అదే పనికొస్తుంది కనుక, ఒకే బరువు రెండుచోట్ల మోయడం దేనికని కోడలే అలా విడదీసింది. ఆ రెండోదానికి బొమ్మ లేదు, నొక్కితే తెరుచుకోదు, పేరు చూస్తే నోరు తిరగదు.

"ఎవరైనా తెలియక దాన్ని తీసేస్తే?" అని పరీక్షలు చేసే అమ్మాయి మీటింగులో అడిగింది.

"పని చేస్తున్నదాన్ని ఎవరు తీస్తారు?" అంది కోడలు. అయినా రేపు మాట రాకూడదని, అది లేకపోతే తెరమీద కనబడేలా ఒక హెచ్చరిక పెట్టించింది.

ఒక సోమవారం మామగారి ఫోన్లో చోటు లేదని సందేశం వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని జాబితా అంతా చూశారు. తానెన్నడూ తెరవని యాప్ ఒకటి తిష్ఠ వేసుకుని కూర్చుంది. "అడగకుండా వచ్చిన చుట్టం," అనుకుని తీసేశారు.

మర్నాటి ఉదయం యంత్రాలు చెవిలో పెట్టుకుంటే లోకమంతా గుసగుసలాడుతున్నట్టుంది.

"వయసు కదా, వినికిడి ఇంకాస్త తగ్గుంటుంది," అని కొడుకు డాక్టరు దగ్గర వచ్చేవారానికి సమయం తీసుకున్నాడు.

"యాప్ బాగానే ఉంది మామయ్యా! నిన్ననే పరీక్ష చేశాం!" అని కోడలు చెప్పులేసుకుంటూ అరిచింది.

"పరీక్షా? ఎవరికమ్మా?" అన్నారాయన. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది.

బుధవారం ఆయనే కంపెనీకి ఫోన్ చేశారు. అవతల ఎవరో ఎంతో మర్యాదగా ఏదో చెప్పారు. "కాస్త గట్టిగా చెప్పమ్మా," అని నాలుగుసార్లు బతిమాలి పెట్టేశారు. చెవులు వినపడనివాళ్ళకు సాయం ఫోన్లోనే దొరుకుతుందన్న సంగతి అంతవరకూ ఆ కంపెనీలో ఎవరికీ వింతగా తోచలేదు.

గురువారం పది గంటలకు ఆయన బస్సెక్కి నేరుగా ఆఫీసుకు వచ్చారు. కోడలు హడలిపోయి కిందికి పరుగెత్తింది.

"ఏమైంది మామయ్యా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

ఆయన ఫోన్ చేతికిచ్చారు. తెరమీద ఎర్రగా ఉంది: "ఆధారిత భాగం లభ్యం కాలేదు. సంకేతం 17. నిర్వాహకుడిని సంప్రదించండి."

"సంప్రదించమంది కదమ్మా. మరి నిర్వాహకుడెవరో నాకు తెలియదు. నువ్వయితే చెబుతావని వచ్చాను."

ఆ మాటలు తాను ఒప్పుకున్నవే. కోడలి ముఖం కందగడ్డ అయింది. అక్కడే కుర్చీలో కూర్చుని రెండో యాప్ మళ్ళీ దింపింది. ఆయన చటుక్కున తల ఎత్తారు.

"అబ్బ, ఇక్కడ ఫ్యాన్ తిరుగుతోందే!"

సంగతి తెలిశాక ఆయనే నొచ్చుకున్నారు. "ఒక్క మర కూడా పారేసుకోనివాణ్ణి, చక్రాన్నే పీకి పారేశానన్నమాట."

"తప్పు మీది కాదు. అది చక్రమని మేం ఎక్కడా చెప్పలేదు," అంది కోడలు.

ఆయన్ని పైకి తీసుకెళ్ళి, పరీక్షలు చేసే అమ్మాయి పక్కన కూర్చోబెట్టింది. సాయంత్రానికి ముగ్గురూ కలిసి కొత్త హెచ్చరిక రాశారు: "మీ యంత్రంతో మాట్లాడే యాప్ మీ ఫోన్లో లేదు. మీ చెవులకేం కాలేదు. కింద నొక్కితే అదే వస్తుంది." మధ్యమాట మామగారిది, అది తీసేస్తే తాను సంతకం పెట్టనన్నారు. ఆయన సంతకం ఎవరూ అడగలేదు.

కొత్త హెచ్చరిక వెళ్ళాక సహాయ కేంద్రానికి ఫోన్లు సగానికి తగ్గాయి. ఒక్క పెద్దమనిషి మాత్రం ఉత్తరం రాశాడు: "చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబుతున్నారు. సాంకేతిక గౌరవం లోపించింది."

కోడలు దాన్ని ఇంటికి తెచ్చి చదివి వినిపించింది.

"పాపం," అన్నారు మామగారు, "ఆయనకింకా బాగా వినిపిస్తున్నట్టుంది."