ఇటాలియన్ వచ్చిన ప్లంబరు

మా ఆయన ప్లంబరు. ఊళ్లో కారే కొళాయిలన్నీ బాగుచేస్తాడు, మా వంటింటి కొళాయి తప్ప. వానలు మొదలైనప్పటి నుంచీ దానికి గుడ్డ చుట్టి, కింద గిన్నె పెట్టుకుని బతుకుతున్నాను. గిన్నె నిండితే పారబోయడం నా ఉద్యోగం. ఆ మనిషికి ఎవరినీ కాదనడం చేతకాదు. ఫోన్ మోగితే చాలు, సంచి భుజాన వేసుకుని బయల్దేరతాడు. అందులో సగం చుట్టాలకు ఊరికే చేసే చాకిరీ.

రాలేనని చెప్పమంటే, ఎందుకని అడుగుతారుగా అని నీళ్లు నములుతాడు.

ఫోన్‌లో ఇటాలియన్ నేర్చుకుంటున్న మా చెల్లెలు దీనికి మందు కనిపెట్టింది. అర్థంకాని భాషలో చెబితే ఎవరూ ఎందుకని అడగలేరట. పనిలో ఉన్నానంటే ‘సోనో ఒక్కుపాతో’. నాకు పనుంది అంటే ‘ఓ ద ఫారే’. కుదరదంటే ‘నోన్ పోస్సో’. ఆయన స్నానాలగదిలో వీటినే వల్లెవేశాడు. వినీ వినీ నాకూ వచ్చేశాయి.

మొదటిరోజు ఫోన్ చేసినవాళ్లంతా బిక్కచచ్చి పెట్టేశారు. రేపు మన కొళాయే అన్నాడు ఆయన. నా బుద్ధి గడ్డితిని నమ్మాను.

మర్నాడు పొద్దున్నే మా ఆడపడుచు మొగుడు దిగాడు, చంకలో పెద్ద పెట్టెతో. అందులో ఇటలీ నుంచి వచ్చిన కొళాయి, ధగధగా మెరిసిపోతోంది.

“నిన్న బావమరిది ఫోన్‌లో మాట్లాడింది ఇటాలియన్ అని మా పిల్లలు చెప్పారమ్మా. ఇక దీన్ని బిగించడం ఇంకెవడి వల్లా కాదు” అన్నాడు.

మా ఆయన నోరు తెరిచాడు. ‘నోన్ పోస్సో’ వస్తుందనుకున్నాను.

“దానిదేముంది బావా, వస్తాను” అన్నాడు, అచ్చ తెలుగులో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నవ్వుతూ పెట్టె అందుకున్నాను. ఖరీదైన సరుకు కదా అన్నయ్యా, ముందు మా ఇంట్లో బిగించి చేయి అలవాటు చేసుకోనివ్వండి, తేడా వస్తే మీ గోడ పాడవుతుందని చెప్పాను. తన గోడంటే అన్నయ్యకు ప్రాణం. అవునవును, ముందు ఇక్కడే కానివ్వమని బావమరిదిని తొందరపెట్టాడు.

నేను ఇన్నాళ్లు మొత్తుకున్నా కాని పని, పరాయి ఇంటివాడు అడిగేసరికి చిటికెలో అయిపోయింది. చుక్క కారితే ఒట్టు. గిన్నె కడిగి బోర్లించాను. ప్రాణం లేచివచ్చింది.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు, కొళాయి ఎప్పుడు విప్పి తెస్తారని. మా ఆయన అప్పుడే సంచి వైపు చూస్తున్నాడు. ఫోన్ లాక్కున్నాను.

“ఓ ద ఫారే, అన్నయ్యా” అని పెట్టేశాను.