వెనక సీటు లేని బండి

“బండి కొనేదానికి వచ్చినావా, పాడె కొలత చూసుకునేదానికి వచ్చినావా?”

యూనుస్ ఆ మాట అన్నది భార్యతో. నవ్వాల్సింది మాత్రం పెంచలప్రసాద్. ఆత్మకూరులో పాత బండ్ల వ్యాపారం అతనిది. కొనేది మేడమో, అన్నో ఇంకా తేలలేదు కాబట్టి సగం నవ్వి ఊరుకున్నాడు.

ముబషిరా లేవలేదు. షెడ్డు చివర నిలబెట్టిన పాత ఫోర్ వీల్ జీపు వెనక తలుపు తీసి, చెప్పులు కింద విడిచి, లోపల వెల్లకిలా పడుకుని ఉంది. ముందు రెండు సీట్లే ఉన్నాయి. వెనకవి ఎవరో పీకేసి రేకు పరిచారు. కాళ్లు చాపినా తలుపు తగల్లేదు. పక్కన ఇంకో మనిషికి చోటుంది. కూతురు నగ్మా తనకంటే పొడుగు, అయినా సరిపోతుంది. ఆ రేకు మీద పడుకున్న కాసేపట్లోనే ఆమెకు ఒక సంగతి తట్టింది. పెళ్లయ్యాక జ్వరమో కాన్పో లేకుండా పగటిపూట నడుం వాల్చడం ఇదే మొదటిసారి.

“మేడం, రోజూ తిరిగేదానికి ఇది చూడండి,” అన్నాడు ప్రసాద్, తెల్లగా మెరుస్తున్న ఏడు సీట్ల బండి మీద చెయ్యేసి. “ఏసీ ఉండాది, ఇంటిల్లిపాదీ పడతారు. ఆ జీపు రాళ్లలో, ఇసకలో ఎక్కేదానికి తప్ప దేనికీ పనికిరాదు.”

“నాకు రాళ్లూ ఇసకే కదా,” అంది ముబషిరా లేచి కూర్చుని.

అది నిజం. ఆమె సీతారామపురం అవతల ఒక పల్లె ఆసుపత్రిలో నర్సు. ఉదయగిరిలో పొద్దుటి బస్సు తప్పితే మళ్లీ మధ్యాహ్నమే. ఆ లోపల ఫోనులో ముఖం చూపించి హాజరు పడకపోతే డాక్టరు నలుగురి ముందూ “ముబషిరా మేడం నిద్ర లేచినారా” అంటాడు. ఆయన నిద్ర లేవకముందే ఆమె ఇంట్లో నలుగురికి వండి, అత్తకు నీళ్లు కాచి, గిన్నెలు తోమి ఇల్లు దాటి ఉంటుంది. ఆలస్యమైందని ఎవరి మోటర్ సైకిల్ అయినా ఎక్కితే, ఆ కబురు ఆమెకంటే ముందే ఇల్లు చేరుతుంది. “ఎవురా బండాయన?” అని అడగడు యూనుస్. “ఈరోజు తొందరగా చేరినట్టున్నావే,” అంటాడు. అంతే. ఆ ఒక్క మాటకు ఆమె రాత్రి అన్నం వడ్డిస్తూ బండాయన ఊరు, పేరు, వాళ్లింట్లో రోగి పేరు వరుసగా చెప్పుకోవాలి.

అయితే బండి కావాలన్న కోరిక అక్కడ పుట్టలేదు. కూతురు నగ్మా ఇంటర్ రెండో సంవత్సరం. ఈ మధ్య ఆ పిల్ల నవ్వబోయే ముందు వాళ్ల అబ్బా ముఖం చూస్తోంది. ఆయన నవ్వితేనే నవ్వుతోంది. అది కళ్లబడిన రోజున ముబషిరాకు తన తండ్రి బాబ్జాన్ లారీ గుర్తొచ్చింది. సెలవుల్లో ఆయన లారీ ఎక్కించుకుపోతే, దారి పక్కన రాళ్ల పొయ్యి మీద అన్నం వండుకుని, టార్పాలిన్ మీద ఆకాశం కింద పడుకునేవాళ్లు. ఆయన ఇసకలోంచి లారీ ఎలా లాగుతాడో, ఎక్కడ పోనివ్వాలో, ఎక్కడ ఆగాలో కేబిన్‌లో కూర్చుని చూసేది. తరవాత ఆమె పెద్దమనిషి అయింది. ఆ సెలవుల్లో లారీ ఎక్కింది తమ్ముడు వసీం. నగ్మాను ఒక్క రాత్రయినా అలా బయట పడుకోబెట్టాలి, ఎవరి ముఖం చూడకుండా నవ్వడం ఆ పిల్లకు ఒక్కసారైనా తెలియాలి. ఈ మాట ఎవరికీ చెప్పుకునేది కాదు కాబట్టి, బస్సులు లేవు, బండి కావాలి అని చెప్పింది.

ప్రసాద్ తాళం ఇచ్చాడు. జీపును వాగులో నడిపి చూస్తానంది. నెల్లూరులో శిక్షణకు పోయినప్పుడు డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న మనిషి ఆమె. యూనుస్ పక్క సీట్లో కూర్చుని, దారి పొడవునా హ్యాండ్ బ్రేక్ మీద నుంచి చెయ్యి తీయలేదు. కాంట్రాక్టరు దగ్గర కారు తోలడం అతని ఉద్యోగం. అతని అన్నలు ముగ్గురూ డ్రైవర్లే. ఎండిన వాగులో ఇసక మెత్తగా ఉంది. ఆమె ఫోర్ వీల్ వేసి, తండ్రి చేసినట్టే నెమ్మదిగా, ఎక్కడా ఆపకుండా సగం దాకా పోయింది. అప్పుడు యూనుస్ చెయ్యి బ్రేక్ మీద నుంచి లేచి స్టీరింగ్ మీద పడింది.

“ఎడమకి కొట్టు, ఎడమకి.”

చక్రం అడ్డం తిరిగి కూరుకుపోయింది. ఆమె కొంచెం వెనక్కి తీసి, చక్రాలు తిన్నగా పెట్టి, ఇంజను అరవకుండా మెల్లగా పోనిచ్చింది. జీపు గట్టెక్కింది. మోటర్ సైకిల్ మీద వెనకే వచ్చి ఒడ్డున నిలబడి చూసిన ప్రసాద్ ఏదో అనబోయి యూనుస్ ముఖం చూసి ఆగిపోయాడు.

“దిగు,” అన్నాడు యూనుస్. “నేను తోలతా.”

ఆ సాయంత్రం ఇంట్లో ఆ కథ తిరగబడింది. “ఇసకలో దించేసింది అమ్మా. నేను పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే క్రేన్ తెప్పించాల్సిందే.” అతని తల్లి అమీనాబీ కూలికి తెచ్చిన చెక్క గరిటెలకు గరుకు కాగితం పట్టిస్తూ తల ఎత్తలేదు. “నలుగురు మగోళ్లు డ్రైవర్లుండే ఇంట్లో ఆడదానికి స్టీరింగ్ ఏంది? అడగాల, ఎక్కాల, కూర్చోవాల,” అంది. నగ్మా తండ్రి ముఖం చూసింది. ఆయన నవ్వాడు. ఆ పిల్ల నవ్వింది. కాదు, నేనే బయటికి తీశానని చెప్పడానికి ముబషిరా నోరు తెరిచింది. కుక్కర్ కూత వేసింది. లేచి వెళ్లిపోయింది.

నాలుగో రోజు ఆసుపత్రిలో పసిపిల్లకు టీకా వేస్తుండగా ప్రసాద్ ఫోన్ చేశాడు.

“మేడం, అన్న ఖాయం చేసిన ఏడు సీట్లది రెడీ. లోను మీ జీతం మీదే కాబట్టి మీరొచ్చి సంతకం పెడితే అయిపోతాది. అన్న ఎల్లో బోర్డు ఏపియ్యమన్నాడు.”

“ఎల్లో బోర్డేంది? అది బాడుగ బండ్లకు కదా.”

“అదేంది మేడం, మీకు తెలవదా? అన్న కాంట్రాక్టరు దగ్గర మానేస్తా ఉండాడంట కదా. ఈ శుక్రవారం వింజమూరు పెళ్లికి బాడుగ కూడా ఒప్పుకున్నాడే.”

శుక్రవారం. రెండో శనివారం సెలవు కలిసొస్తుందని, బండిలో బయటికి పోదామని ఆమె నగ్మాతో అనుకున్న రోజు. చేతిలో పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. తల్లి ఒడిలో పెట్టి, దూది అదిమి పట్టుకోమని చెప్పి, వరండాలోకి వచ్చింది.

“ప్రసాద్, ఆ జీపు ఎవురికైనా ఇచ్చేసినావా?”

“దాన్ని ఎవురడుగుతారు మేడం?”

“నేను అడుగుతా ఉండా.”

మర్నాడు సెలవు పెట్టి ఆత్మకూరు బస్సెక్కింది. జీపు కాగితాల మీద సంతకం పెట్టి, మధ్యాహ్నానికి తనే తోలుకుని వచ్చి ఇంటి ముందు ఆపింది. యూనుస్ చుట్టూ తిరిగి చూశాడు. అతని ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

“ఇందులో అమ్మ ఏడ కూర్చుంటాది? పెళ్లోళ్లు ఏడ కూర్చుంటారు?”

“పెళ్లోళ్లకు మాటిచ్చే ముందు నన్నడిగినావా?”

“ఇంట్లో అడిగేదేముండాది? నువ్వు డ్యూటీకి పోతే సాయంత్రం దాకా బండి ఊరకనే ఎండలో నిలబడాల్నా? నిన్ను బస్టాండ్‌లో దించేసి నేను బాడుగకి పోతా అనుకున్నా. ఎవురికోసం అనుకున్నా?”

మోసం చేశానని అతను అనుకోవడం లేదు. బండి అంటే బాడుగ అనే ఇంట్లో పుట్టాడు. తన భార్య ఎక్కడికో పోవాలనుకుంటుందని, అదీ ఎవరినీ దించడానికి కాకుండా ఊరికే పోవాలనుకుంటుందని అతనికి ఊహకే అందలేదు. అబద్ధమాడి ఉంటే పోట్లాడేది. దీనితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు. తాళం గుప్పిట్లో మూసుకుని లోపలికెళ్లి అన్నం పెట్టింది.

శుక్రవారం సాయంత్రం పరుపు, స్టవ్, నీళ్ల క్యాను జీపులో సర్దింది. నగ్మా బ్యాగు చేతిలో పట్టుకుని వరండా మెట్టు మీదే ఆగిపోయింది.

“నేను రాలేను అమ్మీ.”

“అబ్బా వద్దన్నాడా?”

“అబ్బా ఏమీ అనలా.” ఆ పిల్ల తల దించుకుంది. “ఏమీ అనకపోతేనే భయంగా ఉండాది.”

ఇంట్లోంచి గరుకు కాగితం చప్పుడు ఆగకుండా వస్తోంది. ముబషిరా కూతురి తల నిమిరి, జీపెక్కింది. చాలా దూరం దాకా అద్దంలో ఆ మెట్టు కనిపించింది.

సీతారామపురం దాటాక కొండ కింద రెబెకమ్మ చేను. బీపీ మందుల కోసం ఆసుపత్రికి వచ్చే ముసలావిడ. “మా చెరువు కట్ట కింద పెట్టుకో తల్లీ బండి, ఎవురూ రారు,” అని మొన్ననే చెప్పింది. రాళ్ల బాట మీద జీపు గుర్రంలా ఎక్కింది. ఎక్కిన ప్రతి రాయి దగ్గరా ముబషిరా ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు తిరిగి, నోటిదాకా వచ్చిన మాట మింగింది. రెబెకమ్మ తెచ్చిన సంగటి తిని, నగ్మాకు వదిలిన చోటు వదిలినట్టే ఉంచి, ఒక పక్కకు పడుకుంది.

తెల్లారాక మెలకువ వచ్చింది. ఎవరూ పిలవలేదు. చేతులు అలవాటుగా పొయ్యి కోసం, చీపురు కోసం వెతికాయి. కాసేపు అలాగే పడుకుంటే, ఆ చేతులు తనవే అన్నట్టు నెమ్మదించాయి. చెరువు మీద ఎండ పడుతోంది. సిగ్నల్ కోసం కట్ట ఎక్కింది. ఎక్కీ ఎక్కకముందే ఫోన్ మోగింది.

“అమ్మీ, దాదీ బీపీ మాత్ర తెల్లదా, పచ్చదా? దోసె పిండి ఏడ పెట్టినావు?”

“సెలవు కదా, ఇంత పొద్దున్నే ఎందుకు లేచినావు?”

“అబ్బా లేపినాడు. చాయ్ పెట్టమన్నాడు. నీళ్లు కాచేసినా అమ్మీ, వాకిలి కూడా ఊడ్చేసినా.”

ఫిర్యాదు లేదు ఆ గొంతులో. తొందర ఉంది. అన్నీ సరిగ్గా చేస్తున్నానా అన్న బెదురు ఉంది. చేస్తున్నానన్న చిన్న గర్వం కూడా ఉంది. అది నగ్మా గొంతు కాదు, పెళ్లయిన కొత్తలో తన గొంతు. ముబషిరా కట్ట మీద కూలబడింది. రాత్రి తను పోయిన నిద్ర ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో పొయ్యి ముందు నుంచి ఒక ఆడది లేస్తే ఆ పీట మీద ఇంకో ఆడదాన్ని కూర్చోబెడతారు. ఈసారి పదిహేడేళ్ల పిల్లను కూర్చోబెట్టారు.

“నగ్మా, మాత్ర సంగతి దాదీకే తెలుసు. స్టవ్ ఆపెయ్. నేను వస్తా ఉండా.”

“వచ్చి నువ్వు పెడతావా చాయ్?” ఆ పిల్ల గొంతు తేలికపడింది.

“లేదు. నీకోసం వస్తా ఉండా. నీ బ్యాగు తీసుకోని గేటు బయట నిలబడు. నేను లోపలికి రాను, ఇంజను ఆపను.”

అటువైపు పాలు పొంగుతున్న చప్పుడు. దూరం నుంచి యూనుస్ పిలుపు.

“వస్తా ఉండా అబ్బా,” అంది నగ్మా. ఫోన్ పెట్టేసింది.

ముబషిరా ఒంటి చేత్తో కళ్లు తుడుచుకుంటూ కట్ట దిగింది. గేటు దగ్గర ఈరోజు ఎవరూ నిలబడి ఉండరని ఆమెకు తెలుసు. వచ్చే వారం కూడా ఉండకపోవచ్చు. ఆ పిల్ల తనంతట తను మెట్టు దిగి వచ్చేదాకా, ప్రతి సెలవు పొద్దునా ఆ గేటు ముందు నిలబడాలని నిర్ణయించుకుని ఫోర్ వీల్ వేసింది.