షావుకారు సమాధి

బతికుండగానే సమాధి కట్టించుకోవడం బ్రాడ్‌మెర్ ఊరి షావుకార్లకు మామూలే. ఉన్నిబట్టల థర్‌స్టన్ మాత్రం సమాధితో ఆగలేదు. చర్చి ఉత్తరపు గోడకు ఆనించి తన ఒక్కడి కోసం ఒక గది కట్టించాడు. దానికి రంగుల గాజు కిటికీ, జనానికీ తనకూ మధ్య చెక్కిన కొయ్య తడిక, నడిమధ్యన పాలరాతి సమాధి, దానిమీద చేతులు జోడించి వెల్లకిలా పడుకున్న తన బొమ్మ. అసలు మనిషికి లేని గడ్డం, లేని ఛాతీ, లేని దయ అన్నీ ఆ బొమ్మకు చెక్కించాడు.

"ఇక ఆ నేతగాళ్ళ చెమట కంపులో నిలబడి పూజ వినే ఖర్మ నాకు లేదు" అని ఊరంతా చాటాడు.

మొదటి ఆదివారం దర్జాగా వెళ్ళి తన గదిలో నిలబడ్డాడు. గంట మోగింది. ఫాదరు బలిపీఠం ముందు, క్రీస్తు దేహంగా కొలిచే అప్పాన్ని పైకెత్తాడు. థర్‌స్టన్ ఆత్రంగా తలెత్తాడు. బలిపీఠానికీ తనకూ మధ్య మూడడుగుల మందాన గోడ.

ఆ అప్పాన్ని కళ్ళారా చూసిన రోజు చూపు పోదని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. థర్‌స్టన్ ఎడమకంటికి అప్పటికే పొర కమ్మింది. కుడికన్ను కూడా పోతుందేమోనని అతను నిజంగానే హడలిపోతున్నాడు. కిటికీ రంగులు ఆరుసార్లు మార్పించిన మనిషికి, లోపల నిలబడితే పూజ కనిపిస్తుందా అని ఒక్కసారి కూడా తోచలేదు.

వెంటనే మేస్త్రీ హామండ్‌ను పిలిపించాడు.

"ఏరా, కళ్ళు మూసుకుని కట్టావా?"

"తమరు బొమ్మ ముక్కు గురించి చెప్పినంతసేపు బలిపీఠం గురించి చెప్పలేదు గదండీ. ఇప్పుడేం మించిపోయింది? గోడకు ఏటవాలుగా ఓ కంత కొడదాం. అందులోంచి చూద్దురుగాని."

చర్చిలో జనం నిలబడే సగం ఊరిది, బలిపీఠం ఉన్న సగం ఫాదరుది. ఆ గోడ ఫాదరు ఆస్బర్ట్ వాటాలో పడింది. థర్‌స్టన్ పోయి కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఇటు పాత ఫాదర్ల సమాధులు, అటు నా ఆసనం. నడుమ జానెడు చోటుంది, అక్కడ కొట్టుకో. అంగుళం జరిగినా ఊరుకోను" అన్నాడు ఆస్బర్ట్.

హామండ్ కంత కొట్టి, దారం లాగి చూసి, తల గోక్కున్నాడు.

"కంత భేషుగ్గా కుదిరిందండీ. కాకపోతే బలిపీఠం కనపడేది ఒక్క చోటి నుంచే."

"ఎక్కణ్ణుంచి?"

"తమరి బొమ్మ తలకాయ దగ్గర్నుంచండీ."

"అయితే సమాధి జరుపు!"

"బిషప్పుగారు దీవించిన రాయండీ, కదిపితే నా చేతులు పడిపోతాయి. అయినా తొందరేముంది? తమరు పోయాక రోజూ చూస్తారు."

మళ్ళీ జనంలోకి పోదామా అంటే, "ఏం షావుకారుగారూ, మా చెమట కంపు తగ్గిందా?" అని నూలు వడికే ఎమ్మట్ ముసలమ్మ అప్పుడే పళ్ళికిలించి అడిగింది. దానికన్నా చావే నయమనుకున్నాడు.

మరుసటి ఆదివారం గంట మోగేవేళకు థర్‌స్టన్ రొప్పుతూ సమాధి ఎక్కాడు. తన బొమ్మ మీదే పడుకుని, రాతి చెంపకు చెంప ఆనించి, కంతలోంచి చూశాడు. ఫాదరు చేతుల్లో తెల్లగా అప్పం కనిపించింది. సంతోషంతో అతనికి కన్నీళ్ళొచ్చాయి. కదలకుండా అలాగే ఉండిపోయాడు.

తడిక సందులోంచి ఎమ్మట్ తొంగిచూసింది.

"షావుకారు పోయాడర్రోయ్! సమాధి మీదే పోయాడు!"

"నిజంగానే?" అని ఎవరో ఆశగా అడిగారు.

"కదల్డం లేదు, చూడండి. మోకరించండి, మోకరించండి!"

చచ్చినవాళ్ళ కోసం చేసే ప్రార్థన జనమంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. 'బతికే ఉన్నానర్రా' అని అరవబోయి థర్‌స్టన్ పళ్ళు బిగబట్టాడు. అప్పం కిందికి దిగేదాకా నోరు తెరిస్తే పాపం, చూపు తిప్పితే కన్ను దక్కదు.

"గట్టిగా చదవండర్రా, మళ్ళీ లేస్తాడేమో!" అంది ఎమ్మట్.

ఒక్కరైనా ఏడుస్తారేమోనని థర్‌స్టన్ చెవులు రిక్కించి విన్నాడు. ఎవరూ ఏడవలేదు.