ఇరవై రెండు మెట్లు

జంపఖానా నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. మా నేతగాళ్ల కొత్తవాడలో అందరికీ తెలిసిన సంగతే. అయినా నేత మా ఆయన సారయ్యదట, నేను ఊరికే పక్కన కూర్చుంటానట! ఆ రోజు బడి నుంచి కబురొచ్చి నేను లేవబోతే సారయ్య నా మీదే లేచాడు. "నీ బిడ్డ మెట్లకడ్డం కూసున్నదట. ఈడ పనంత ఆగమైతాంది." మంచి మార్కులొస్తే ఆయన బిడ్డ, లేకపోతే నా బిడ్డ.

కళావతికి రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. "ఏ జన్మల ఏం పాపం జేసినవో" అని మా అత్త నన్నే అంది. అప్పటి నుంచి దవాఖానకు, బడికి, దొడ్డికి, అన్నిటికీ నా చంకే. ఈసారి ఏడో తరగతిని మేడ మీద పెట్టారు. ఇరవై రెండు మెట్లు. పొద్దున ఎక్కించి, మధ్యాహ్నం దించి, మళ్లీ ఎక్కించి, సాయంత్రం దించేసరికి నా నడుం విరిగేది. "ఎంత ఓపికమ్మా నీకు!" అని హెడ్మాస్టరు మెచ్చుకుంటుంటే ఒళ్లు మండేది. వికలాంగుల సంవత్సరమని మొన్న ఇలాంటి పిల్లలకు పళ్లిచ్చి ఫోటో దిగింది కూడా ఆయనే.

నేను వెళ్లేసరికి, కళతో కలిపి, పోలియో కాళ్లకు ఇనుప బూట్లు తొడిగిన పిల్లలు నలుగురూ కింది మెట్టు మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో నా కూతురు, చేతిలో అర్జీ.

"మా అమ్మకు నడుం పోతాంది సార్. ఇగ నన్ను మోయద్దు. మా క్లాసునే కిందికి తెండ్రి. కింది అర్రల ఇరిగిన బెంచీలే ఉన్నయ్ గదా!"

ముందు గుండెలో కలుక్కుమంది. పదేళ్లు మోసినదాన్ని, వద్దంటుందా? వెంటనే సిగ్గేసింది. నా నడుం నొప్పి మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఈ పిల్ల అర్జీలో రాసింది.

"లేవకుంటే నలుగురికీ టీసీ ఇచ్చి పంపుత" అని హెడ్మాస్టరు బెదిరించాడు. పిల్లలు కదల్లేదు. ఆయన నా వైపు తిరిగి మెత్తగా, "జర ఎత్తుకపోయి పైన కూసోబెట్టమ్మా, లొల్లి ఒడుస్తది" అన్నాడు. వెనకాలే వచ్చిన సారయ్య, "సూస్తవేందే, ఎత్తుకో!" అని అరిచాడు.

కళ నన్నే చూస్తోంది. నేను ఎత్తుకుంటే ఆ నలుగురూ ఓడిపోతారు. ఎత్తుకోకపోతే నా బిడ్డ చదువే ఆగిపోవచ్చు. అయినా చేతులు కట్టుకున్నాను.

"ఎత్తుకోను సార్. ఇన్నేండ్లు బిడ్డను నేను మోసిన. ఇగ బెంచీలు మీరు మొయ్యుండ్రి."